కొబ్బరికాయ పడిన బానెట్టు: ఫైబర్ కారు పైపూతతో నా అనుభవం

రంగు వేయించి ఏడాది తిరగలేదు. శ్రావణ మాసంలో ఒక ఉదయం టార్పాలిన్ తీసి చూస్తే బానెట్టు మీద మళ్లీ అదే నక్షత్రం. మధ్యలో రూపాయి బిళ్లంత గుండ్రటి చార, దాని నుంచి నలువైపులా పాకిన వెంట్రుకవాసి గీతలు. అంతకు ముందు ఏడాది చెట్టు మీది నుంచి కాయ పడినప్పుడు బీటలు ఏ ఆకారంలో వచ్చాయో, కొత్త రంగు మీద అచ్చం అదే ఆకారం తేలింది. పక్కనే ఆవగింజలంత బొబ్బలు. అరచేత్తో నిమిరితే గరుగ్గా తగులుతున్నాయి.

ఆ కారు మా పెదనాన్నది. సిపానీ డాల్ఫిన్. ఇంగ్లండులోని రిలయంట్ కంపెనీ తయారుచేసిన కిట్టెన్ కారు నమూనాతో బెంగళూరులోని సిపానీ వారు 1980ల్లో తెచ్చిన చిన్న బండి. 848 సీసీ ఇంజిను, రెండు తలుపులు, ఒళ్లంతా ఫైబర్‌గ్లాస్. మాది రాజోలు దగ్గర పల్లె. సముద్రపు గాలి తగిలే ఊరు. అప్పట్లో ఇక్కడ అంబాసిడర్ల తలుపుల అడుగులు, పద్మినీల నేల రేకులు తుప్పు తిని చిల్లులు పడుతుంటే చూసి, రేకే లేని బండి కావాలని పట్టుబట్టి కొన్నారాయన. అమెరికాలో షెవర్లే వారు 1953లోనే కార్వెట్ కారును ఫైబర్ ఒంటితో తెచ్చారని ఇప్పటికీ ఎవరు దొరికినా చెబుతారు. ఒంటికి తుప్పు పట్టదన్న మాట నిజమే. కింద ఛాసిస్ మాత్రం ఇనుమే కాబట్టి దానికి పట్టింది, అది వేరే కథ.

మొదటిసారి పని చేసిన షెడ్డు పేరు చెప్పను. ఆ మేస్త్రి రేకు మీద మంచి పనివాడు, సొట్ట తీస్తే చెయ్యి పెట్టినా తెలియదు. ఫైబరును కూడా రేకులాగే చూడటమే తప్పయింది. పాత రంగు ఊడటానికి రేకుకు పూసే రసాయనమే పూశారు. అది రంగుతో పాటు కింది పొరను కూడా మెత్తబరుస్తుందని నాకు అప్పుడు తెలియదు. బీటల మీద ఎన్‌సీ పుట్టీ పొర మీద పొర లాగారు. ఆ పైన ఇనుముకు వేసే ప్రైమరు, దాని మీద రంగు. ఇదంతా కార్తీకంలో, ముసురు పట్టిన వారంలో జరిగింది. తెచ్చిన రోజు అద్దంలా మెరిసింది.

నాకు రాజోలులో మోటారు వైండింగ్ కొట్టు ఉంది. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిప్పే మోటార్లు సీజనులో రోజుకు నాలుగైదు వస్తాయి. నీళ్లు తాగిన మోటారుకు తీగ చుట్టి, తడి ఆరకుండా వార్నిష్ పోస్తే ఆ తడి లోపలే బందీ అయి మూడు నెలల్లో వైండింగు కాలిపోతుంది. ముందు ఎండాలి, తడి పోయిందో లేదో చెప్పే మెగ్గరు మీటరు పెట్టి చూసుకోవాలి, ఆ తరువాతే వార్నిష్. ఇరవై ఏళ్లుగా కుర్రాళ్లకు నేను చెబుతున్న మొదటి పాఠం ఇదే. కారు విషయంలో అది నాకు గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఆ ముసురులో బండి ఇచ్చేవాడిని కాదు.

నరసాపురం వైపు నుంచి మోటార్లు తెచ్చే చెరువు యజమాని ఒకరు నా గోడు విని, “ఇది కార్ల వాళ్లతో అయ్యే పని కాదండీ, ఫైబర్ పడవలు బాగుచేసే మేస్త్రిని అడగండి” అన్నారు. మర్నాడే బానెట్టు బోల్టులు విప్పి, ట్రాలీ ఆటోలో గోనెపట్టా పరిచి దాని మీద పెట్టి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం తీసుకెళ్లాను. పంటు మీద జనం అదేమిటని అడుగుతూనే ఉన్నారు.

ఆ మేస్త్రిగారికి అరవై దాటి ఉంటాయి. చిన్నతనంలో చెక్క నావలకు పని చేసి, ఫైబర్ పడవలు వచ్చాక దీనిలోకి మారారట. బానెట్టును రెండు బల్లల మీద పెట్టించి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి అంచు నుంచి మొదలుపెట్టి తడుతూ వచ్చారు. టక్, టక్, టక్. కాయ పడిన చోటికి రాగానే శబ్దం మారిపోయింది. గుల్ల గోడ మీద కొట్టినట్టు మొద్దుగా, చచ్చుగా పలికింది. నాలుగు వేళ్ల వెడల్పు అలాగే ఉంది. పెన్సిలుతో గుండ్రంగా గీత గీశారు. తరువాత గుండుసూదితో ఒక బొబ్బను పొడిచారు. చిన్న బొట్టు బయటికి వచ్చింది. దాన్ని వేలికి రాసుకుని నా ముక్కు దగ్గర పెట్టారు. పులిసిన వాసన, పచ్చడి జాడీ మూత తీసినట్టు.

“పడవలకు వచ్చే రోగమే బాబూ ఇది. నీళ్లు లోపలికి వెళ్లి అక్కడ ఫైబరులోని మందుతో కలిసి పులుస్తాయి. మీరు పైన ఎన్ని పూతలు వేసినా కింద నుంచి తోసేస్తుంది” అన్నారు.

ఆ గంటలో ఆయన దగ్గర నేర్చుకున్నది తరువాత నా చేతులతో చేసి చూసుకున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ఫైబర్ ఒంటికి పైన కనిపించేది జెల్‌కోట్. అర మిల్లీమీటరు మందం, అంటే గోరంత. దాని కింద గాజునార మ్యాట్, దాన్ని పట్టి ఉంచే పాలియెస్టర్ రెసిన్. బలమంతా మ్యాట్‌లో ఉంది. జెల్‌కోట్ గట్టిదే గానీ పెళుసు. కాయ పడినప్పుడు మ్యాట్ వంగి మళ్లీ లేచింది, జెల్‌కోట్ వంగలేక నక్షత్రంలా చిట్లింది. ఆ చిట్లిన గీతల గుండా వాన నీరు దిగింది. పైన టార్పాలిన్ కప్పడంతో కింద ఆవిరి పట్టి తడి పోయే దారి లేకుండా అయింది. అసలు జెల్‌కోట్ నీటి బొట్టును ఆపుతుంది గానీ ఆవిరిని పూర్తిగా ఆపలేదు. బండి నడిచేటప్పుడు బానెట్టు అదిరే ప్రతిసారీ ఆ బీటల అంచులు కదులుతూనే ఉంటాయి. వాటి మీద పుట్టీ లాగితే, కదిలే అంచులు పుట్టీని చీల్చుకుని రంగు దాకా వస్తాయి. ఎన్‌సీ పుట్టీ అయితే మరీ. అది థిన్నరు ఆవిరై గట్టిపడే సరుకు, వారాల తరబడి లోలోపల కుంచించుకుంటూనే ఉంటుంది. గోటి గీతలు పూడ్చటానికి పలచగా లాగితే పనికొస్తుంది, గుంటలు నింపటానికి కాదు.

“మరి ఇప్పుడే మొదలుపెడదామా మేస్త్రిగారూ?” అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. “వేట ఆగాక రండి. అప్పటిదాకా దీన్ని కప్పకుండా ఇంట్లో గాలి తగిలేలా నిలబెట్టండి.”

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. ఆయనకు అది పని కాలం. కాలువలు కట్టేసేదీ ఆ రోజుల్లోనే, చేలు ఎండి నేల నెర్రెలిచ్చి ఉంటుంది. మా డెల్టాలో గాలి కాస్త పొడిగా ఉండేది ఏడాదిలో ఆ రెండు నెలలే. ఎనిమిది నెలలు ఆగాను. ఆ బానెట్టు మా హాల్లో గోడకు ఆనించి ఉండగానే సంక్రాంతి కూడా వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో మొదలుపెట్టాను. ముందు సబ్బు నీళ్లతో కడిగి, పాత పాలిష్ మైనం పోయేలా థిన్నరు గుడ్డతో తుడిచాను. ఈ వరుస మార్చకూడదు. మైనం ఉండగా గరుకు పేపరు పడితే అది గీతల్లోకి దిగిపోయి తరువాత ఏ పూతా అక్కడ పట్టదు. రసాయనం జోలికి, హీట్ గన్ను జోలికి పోకుండా 80 నంబరు పేపరుతో రంగంతా చేత్తోనే తీశాను. నాలుగు రోజులు పట్టింది. పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు, దుమ్ము మాస్కు ఉన్నా మొదటి రోజు రాత్రి మెడ దగ్గర మంటతో నిద్ర పట్టలేదు. గాజు దుమ్ము పడితే చల్లటి నీళ్లతోనే కడుక్కోవాలి, రుద్దకూడదు. బొబ్బలున్న చోట జెల్‌కోట్‌ను పూర్తిగా గ్రైండరుతో తీసేసి, మంచినీళ్లతో రెండు మూడు రోజులు కడుగుతూ ఆరబెట్టాను. ఆ పులుపు కరిగి పోవాలంటే నీళ్లే మందు అన్నారు మేస్త్రిగారు.

ఆ తరువాత ఎండబెట్టడం. దీని గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. ఉదయం మంచు పోయాక తొమ్మిదింటికి డాబా మీద పెట్టి, సాయంత్రం నాలుగింటికి లోపలికి తెచ్చేవాడిని. ఎండిందని ఎలా తెలుస్తుంది? మోటారుకైతే మెగ్గరు ఉంది. దీనికి ఏమిటి? మా పక్కింట్లో కొబ్బరి కురిడీల వ్యాపారి ఉన్నారు. ఆయన కాటా అడిగి తూచాను. మొదటి రోజు 8 కిలోల 460 గ్రాములు. వారానికి 8 కిలోల 370. పదిహేను రోజులకు 8 కిలోల 320. ఇరవై ఒకటో రోజున, ఇరవై నాలుగో రోజున ఒకే అంకె వచ్చింది, 8 కిలోల 310. నూట యాభై గ్రాముల నీళ్లు, అంటే ఒక టీ గ్లాసు నిండా, ఆ పలచటి పలకలో దాగి ఉన్నాయి. అప్పటికి కూడా మేస్త్రిగారు చెప్పినట్టు జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రాత్రి ఉంచాను. తెల్లారి దాని లోపలి వైపు చెమ్మ లేదు.

“ఇంకెన్నాళ్లురా ఈ అప్పడాలు ఎండబెట్టడం?” అని పెదనాన్న రోజూ అడిగేవారు. కాటా అంకెలు రాసిన కాగితం చూపించాక ఆయనే తొమ్మిది కాగానే నన్ను పిలవటం మొదలుపెట్టారు.

అతుకు పని నరసాపురంలోనే మేస్త్రిగారి ముందు చేశాను. వెనక వైపు గీకి, ఎసిటోన్‌తో తుడిచి, రెండు పొరల మ్యాట్ వేశాం, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగేది ఒకటి, 300 గ్రాములది ఒకటి. మ్యాట్‌ను కత్తెరతో కోయలేదు, చేత్తో చింపాం. చింపిన అంచు పీచు పీచుగా ఉండి పాత ఒంటిలో కలిసిపోతుంది, కోసిన అంచు గట్టులా నిలబడి తరువాత పైకి తేలుతుంది. మ్యాట్ కూడా గంటసేపు ఎండలో పెట్టాకే వాడాం. మ్యాట్ బరువుకు రెండు, రెండున్నర రెట్లు రెసిన్. ఎక్కువ పోస్తే బలం అనుకుంటాం, నిజానికి ఎక్కువైన రెసిన్ పెళుసుదనమే ఇస్తుంది. ముళ్ల రోలరుతో దొర్లిస్తూ ఉంటే తెల్లగా ఉన్న మ్యాట్ తడిసి గాజులా పారదర్శకం అవుతుంది. ఎక్కడైనా తెల్ల మచ్చ మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టు.

మొదటి గిన్నె నేనే పాడుచేశాను. 100 గ్రాముల రెసిన్‌కు దాన్ని గట్టిపరిచే క్యాటలిస్టు ఒకటి నుంచి రెండు గ్రాముల దాకా వేయవచ్చు. నీడలోనే 37 డిగ్రీలున్న ఆ రోజున నేను రెండు వేసి, మూడు వందల గ్రాములు ఒకే ప్లాస్టిక్ డబ్బాలో కలిపాను. బ్రష్షు మూడుసార్లు ముంచేలోగా అది జున్నులా గడ్డకట్టింది, పొగ లేచింది, డబ్బా అడుగు మెత్తబడి వాలిపోయింది. “ఇసకలో పెట్టేయండి, ముట్టుకోకండి” అని అరిచారాయన. ఆ కాలంలో ఒక్క శాతం చాలు, అదీ వెడల్పాటి పళ్లెంలో, కొద్దికొద్దిగా. రెసిన్ కొనేటప్పుడు దానిలో కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగపరిచే ద్రావణం) ముందే కలిపి ఉందో లేదో తప్పక అడగండి. విడిగా ఇస్తే ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తరువాతే క్యాటలిస్టు వేయాలి. ఆ రెండింటినీ నేరుగా కలిపితే పేలిపోతుంది. క్యాటలిస్టు చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకండి.

ముందు వైపు నక్షత్రాన్ని సాసరులా వాలుగా గ్రైండ్ చేశాం. లోతు ఒక మిల్లీమీటరైతే వాలు పన్నెండు మిల్లీమీటర్లు. గీత చివరలు వెతికి వెతికి, వాటి మొన దాటి ఇంకొంచెం దాకా తీయాలి. మొన మిగిలితే బీట అక్కడి నుంచే మళ్లీ నడక మొదలుపెడుతుంది. అక్కడ పలచటి మ్యాట్ ముక్కలు, వాటి మీద గాజునార కలిసిన పుట్టీ. పాలియెస్టర్ రెసిన్‌కు ఒక గుణం ఉంది. గాలి తగిలే పై పొర పూర్తిగా ఆరదు, జిగురుగా ఉండిపోయి పేపరుకు అంటుకుంటుంది. దానికి మైనం కలిపిన ద్రావణం వేస్తారు. నా సంచిలో మోటారు గాడుల్లో పెట్టే మైలార్ ప్లాస్టిక్ షీటు ఉంది. దాన్ని తడి రెసిన్ మీద పరిచి నొక్కాను. గంటన్నర తరువాత లాగితే గాజు పలకలా నున్నగా, గట్టిగా వచ్చింది. మేస్త్రిగారు షీటును వెలుతురులో తిప్పి చూసి, తనకు రెండు మీటర్లు పంపమన్నారు. పంపాను.

ఇంటికి తెచ్చాక పుట్టీ పని. లప్పం పెట్టడం అంటే గోడకు పెట్టినట్టు అనుకునేవాడిని. కార్లకు వాడే పాలియెస్టర్ పుట్టీకి ఎర్రటి హార్డెనర్ ట్యూబు వస్తుంది. 100 గ్రాములకు రెండు గ్రాములు. ఎర్ర చారలు కనిపించకుండా రంగు అంతా ఒకటయ్యేదాకా గాజు పలక మీద నూరినట్టు కలపాలి. త్వరగా ఆరుతుందని ఎక్కువ వేసే అలవాటు చాలామందిలో చూశాను. నేనూ ముందు మడ్‌గార్డు మీద అలాగే వేసి, మా మీగడ రంగు పూసి చూశాను. పది రోజులకు ఆ చోట పసుపు తిరిగిన మరక తేలింది. మిగిలిపోయిన హార్డెనర్ రంగును తినేస్తుంది. దాని మీద మళ్లీ రంగు వేసినా లాభం లేదు, పుట్టీ అంతా గీకి తీయాల్సిందే. తీశాను.

ఇంకొకటి. పుట్టీ గీకేటప్పుడు నీళ్లు పోయకండి. దీనిలో సగం సుద్దలాంటి పొడి, అది నీటిని పీల్చుకుంటుంది. వాటర్ పేపరుతో తడిపి గీకితే చేతికి హాయిగా ఉంటుంది, దుమ్ము లేవదు, కానీ ఇరవై నాలుగు రోజులు ఎండబెట్టిన పని అరగంటలో వృథా. 80తో మొదలుపెట్టి 120, 180 దాకా పొడిగానే గీకాను. సాఫుగా ఉన్న చోట కొయ్య బ్లాకు, అంచుల వంపుల దగ్గర అరిగిన హవాయి చెప్పు ముక్క. చూపు కంటే అరచెయ్యే నమ్మకం. కళ్లు మూసుకుని, పలచటి నూలు గుడ్డ కింద చెయ్యి పెట్టి నిమిరితే వెంట్రుకంత పల్లం కూడా తెలుస్తుంది. పుట్టీని రాత్రి మంచులో వదలకుండా, గీకిన రోజే ఎపాక్సీ ప్రైమరు పలచగా కొట్టించి మూసేశాను. ఇనుముకు వేసే యాసిడ్ ప్రైమరుకు ఇక్కడ పని లేదు, కొరకటానికి లోహమే లేదు కదా.

ప్రైమరు పడగానే సూదిరంధ్రాలు బయటపడ్డాయి. వాటిని అలాగే వదిలి రంగు వేస్తే, ఎండకు వేడెక్కిన గాలి వాటిలోంచి తన్ని రంగును పగలగొడుతుంది. మెత్తటి పుట్టీని బ్లేడుతో అదిమి పూడ్చాను. ఆ పైన సాపు చేసే పీయూ (పాలీయురెథేన్) సర్ఫేసర్ రెండు పూతలు. దాని మీద నల్ల రంగును పొగలాగా ఒక్క తుంపర కొట్టించి 400 పేపరు పట్టాను. ఎత్తుగా ఉన్న చోట నలుపు ముందు పోతుంది, పల్లంలో మిగులుతుంది. మూడు చోట్ల పిడికెడంత నల్ల మచ్చలు మిగిలాయి. నా చేతికి కూడా అందని పల్లాలు అవి.

రంగుకు మా ఊరి పెయింటరునే పిలిచాను. పీయూ రంగు హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళితే జీవితాంతం ఉబ్బసం మిగలవచ్చు. ఆ అబ్బాయి ఎప్పటిలాగే ముక్కుకు జేబురుమాలు కట్టుకుని వచ్చాడు. గుడ్డ దానికి అడ్డం కాదు. కాకినాడ నుంచి తెప్పించిన ఫిల్టరు మాస్కు ఇచ్చి, అది పెట్టుకుంటేనే గన్ను ముట్టుకోమన్నాను. మొహమాటపడ్డాడు గానీ పెట్టుకున్నాడు. ఇప్పుడు ప్రతి పనికీ అదే వాడుతున్నాడని విని నాకు ఈ కారు అంతటి మీదా కలగని తృప్తి కలిగింది.

గన్ను పట్టే ముందు కంప్రెషరు ట్యాంకు అడుగున మర విప్పమన్నాను. గ్లాసెడు నీళ్లు, తుప్పు రంగులో, కారాయి. మా గాలిలో ఉన్న తేమ అంతా అక్కడ చేరుతుంది. ఆ నీళ్లు తుంపరతో పాటు రంగులోకి వెళతాయి. ఉదయం పదింటికి మొదలై, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగకముందే మూడు పూతలు అయిపోయాయి. హీటు దీపాలు పెట్టనివ్వలేదు. మామూలు పాలియెస్టర్ వేడికి మెత్తబడుతుంది, మ్యాట్ గీతలు రంగు మీద తేలతాయి. అందుకే ముదురు రంగు కావాలన్న మా తమ్ముడి కోరిక కూడా ఒప్పుకోలేదు. పాత మీగడ రంగే ఉంచాం, ఎండకు అదే చల్లన. వారం ఆరాక బఫింగ్.

బండిని కొబ్బరి చెట్టు కింద నుంచి తీసి రేకుల పందిరిలోకి మార్చాను. టార్పాలిన్ బదులు నూలు దుప్పటి కప్పుతున్నాం. రెండు శ్రావణాలు గడిచాయి. ప్రతి ముసురు తరువాత పెదనాన్న బానెట్టు మీద అరచెయ్యి పెట్టి ఆ చోటు వెతుకుతారు. ఎక్కడుందో నేను చూపించాల్సి వస్తోంది.

ఎడమ తలుపు మిగిలింది. మొన్న రూపాయి బిళ్లతో తట్టి చూస్తే గొళ్లెం కింద రెండు చోట్ల చచ్చు శబ్దం వచ్చింది. పెన్సిలుతో గుండ్రాలు గీసి, బోల్టులు విప్పి, హాల్లో గోడకు ఆనించి పెట్టాను. తూకం 11 కిలోల 240 గ్రాములు. కాలువలు కట్టేశాక మళ్లీ తూస్తాను.